ఆర్ ఫంక్షన్లు ఒక్కోచోట ఒక్కోలా ఎందుకు ప్రవర్తిస్తాయి? తరచుగా అడిగే ప్రశ్నలు

గణాంక విశ్లేషణకు ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాషను వాడే పరిశోధక విద్యార్థులు, సర్వే డేటాతో పనిచేసేవారు కొన్నేళ్లుగా నన్ను అడుగుతున్న సందేహాలు దాదాపు ఒకటే. ఒకే పని చేయాల్సిన రెండు ఫంక్షన్లు రెండు జవాబులు ఎందుకు ఇస్తున్నాయి, హెల్ప్ పేజీలో రాసినదానికీ తెరమీద కనిపించినదానికీ పొంతన ఎందుకు కుదరడం లేదు అన్నవే అవి. ఎర్రర్ వచ్చి ప్రోగ్రామ్ ఆగిపోతే పెద్ద నష్టం లేదు, ఎక్కడో తేడా ఉందని తెలిసిపోతుంది. ఏ హెచ్చరికా లేకుండా వేరే సంఖ్య వచ్చి థీసిస్‌లోనో నివేదికలోనో కూర్చోవడమే నన్ను కలవరపెడుతుంది, అందుకే అలాంటి సందర్భాలనే ఇక్కడ ఎక్కువగా తీసుకున్నాను. పని జరిగే క్రమంలో ప్రశ్నలను విభజించాను. ఏ జవాబుకు ఆ జవాబే పూర్తిగా ఉంటుంది కాబట్టి మీకు కావలసిన చోటికి నేరుగా వెళ్లవచ్చు. ఫంక్షన్ల పేర్లను పలికే తీరులో తెలుగులో రాశాను. టైప్ చేసేటప్పుడు వాటి ఆంగ్ల అక్షరక్రమాన్నే వాడాలి.

## హెల్ప్ పేజీ దగ్గర

హెల్ప్ పేజీ మొత్తం చదివాను, అయినా అర్థం కాలేదు. లోపం నాలోనే ఉందా?

లేదు. ఆర్ హెల్ప్ పేజీ పాఠం కాదు. విషయం తెలిసినవారు ఒక వివరాన్ని సరిచూసుకోవడానికి తెరిచే నిఘంటువు లాంటిది. పై నుంచి కిందికి చదవడం మానేసి, ముందు 'యూసేజ్' భాగంలో ప్రతి ఆర్గ్యుమెంట్‌కూ (ఫంక్షన్‌కు మనం అందించే విలువకు) ఇచ్చిన డిఫాల్ట్‌ను, అంటే మనం ఏమీ చెప్పకపోతే ఫంక్షన్ వాడుకునే విలువను చూడండి. తర్వాత 'వ్యాల్యూ' భాగంలో ఫంక్షన్ తిరిగి ఇచ్చేది ఏమిటో చూడండి. ఆ తర్వాతే 'డీటెయిల్స్'కు వెళ్లండి. అసలు మెలిక చాలాసార్లు ఆ భాగంలోనే, ఏదో ఒక వాక్యం మధ్యలో ఉంటుంది. ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ప్యాకేజీలను తనిఖీ చేసే సాధనం హెల్ప్ పేజీలోని ఆర్గ్యుమెంట్ల పేర్లు, డిఫాల్ట్‌లు కోడ్‌తో సరిపోతున్నాయో లేదో మాత్రమే పోల్చగలదు. వివరణ నిజమో కాదో అది చెప్పలేదు. కాబట్టి తనిఖీలో నెగ్గిన పేజీలో కూడా వాక్యం పాతబడి ఉండవచ్చు.

డిఫాల్ట్ అంటే నిపుణులు సిఫారసు చేసిన విలువే కదా?

చాలాసార్లు కాదు. ప్రధాన అంశాల విశ్లేషణ చేసే 'పీఆర్‌కాంప్' ఇందుకు మంచి ఉదాహరణ. చలరాశులను ఒకే కొలమానానికి తెచ్చే ఆర్గ్యుమెంట్‌కు అందులో డిఫాల్ట్ 'ఫాల్స్'. ఎస్ భాషతో పొంతన కోసమే అలా ఉంచామనీ, సాధారణంగా స్కేల్ చేయడమే మేలనీ హెల్ప్ పేజీయే చెబుతుంది. అంటే తాను పెట్టుకున్న డిఫాల్ట్‌ను వాడవద్దని పేజీయే సలహా ఇస్తోంది. అదే పనికి ఉన్న మరో ఫంక్షన్ 'ప్రిన్‌కాంప్' వేరియన్స్ (విలువలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) లెక్కలో విలువల సంఖ్య ఎన్‌తో భాగిస్తుంది, పీఆర్‌కాంప్ ఎన్-1తో భాగిస్తుంది. ఎకరాల్లో ఉన్న కాలమ్, రూపాయల్లో ఉన్న కాలమ్ కలిసిన డేటాలో స్కేల్ చేయకపోతే మొదటి అంశాన్ని దాదాపుగా రూపాయల కాలమ్ ఒక్కటే ఆక్రమిస్తుంది. డిఫాల్ట్ వెనుక ఉన్నది చరిత్ర. మీ డేటాకు ఏది తగునో మీరే నిర్ణయించుకుని, డిఫాల్ట్‌తో సమానమైనా సరే ఆ విలువను కోడ్‌లో స్పష్టంగా రాయండి.

ఒకే భాషలో పేర్లు ఇన్ని రకాలుగా ఎందుకున్నాయి?

ఆర్ ఒక్కరోజులో ఒక్కరు కట్టిన ఇల్లు కాదు. దాని మూలమైన ఎస్ భాషను 1976లో బెల్ ల్యాబ్స్‌లో జాన్ ఛాంబర్స్, ఆయన సహచరులు మొదలుపెట్టారు. న్యూజీలాండ్‌లోని ఆక్లాండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ ఆర్‌ను రూపొందించారు, 1.0.0 వర్షన్ 2000 ఫిబ్రవరి 29న వెలువడింది. ఇన్ని చేతులు మారినందువల్లే చుక్కతో 'రో.నేమ్స్', చుక్క లేకుండా 'రోనేమ్స్', కింది గీతతో 'సీక్_అలాంగ్', మధ్యలో పెద్ద అక్షరంతో 'కోల్‌మీన్స్' పక్కపక్కనే ఉన్నాయి. ఆర్గ్యుమెంట్ల వరుస కూడా అంతే. 'ఎల్ అప్లై'లో డేటా ముందు, ఫంక్షన్ తర్వాత వస్తాయి. 'ఎమ్ అప్లై'లో ఫంక్షన్ ముందు వస్తుంది. పాత కోడ్ చెడకూడదన్న పట్టింపుతో వీటిని మార్చకుండా ఉంచారు. ఆ పట్టింపు న్యాయమైనదే, కానీ దాని భారం మోసేది కొత్తగా నేర్చుకునేవారు.

మీన్(1, 2, 3) అంటే 1 వస్తోంది, సమ్(1, 2, 3) అంటే 6 వస్తోంది. ఇది బగ్ కాదా?

బగ్ కాదు, రెండు ఫంక్షన్ల నిర్మాణంలో ఉన్న తేడా. 'సమ్' ఎన్ని విలువలిచ్చినా అన్నింటినీ కూడుతుంది. సగటు తీసే 'మీన్' మాత్రం మొదటి ఆర్గ్యుమెంట్‌నే డేటాగా తీసుకుంటుంది, రెండోదాన్ని చివరల్లో ఎంత భాగం కత్తిరించాలో చెప్పే 'ట్రిమ్'గా భావిస్తుంది. ఇక్కడ ట్రిమ్ 2 అయింది, అది 0.5 కంటే ఎక్కువ కాబట్టి ఫంక్షన్ 1 అనే ఒక్క విలువకు మధ్యగతం తీసి 1 ఇచ్చింది. 'మ్యాక్స్' సమ్‌లాగా, 'మీడియన్' మీన్‌లాగా నడుస్తాయి. విలువలను ఎప్పుడూ 'సీ' ఫంక్షన్‌తో ఒక వెక్టర్‌గా కట్టి ఇస్తే నాలుగూ సరిగ్గా పనిచేస్తాయి.

ఆర్గ్యుమెంట్ పేరు తప్పుగా టైప్ చేశాను. ఎర్రర్ ఎందుకు రాలేదు?

హెల్ప్ పేజీలో ఆర్గ్యుమెంట్ల మధ్య మూడు చుక్కలు కనిపిస్తాయి. గుర్తుపట్టని ప్రతి పేరూ ఆ చుక్కల్లోకి పోతుంది, చాలా ఫంక్షన్లు అక్కడ చేరినదాన్ని పట్టించుకోవు. లోపించిన విలువలను తీసేయమని చెప్పే 'ఎన్‌ఏ.ఆర్‌ఎమ్'కు బదులు పొరపాటున 'ఎన్‌ఏ.ఆర్‌ఎన్' అని రాస్తే, మీన్ మారుమాట లేకుండా ఎన్‌ఏ (లోపించిన విలువకు ఆర్ వాడే గుర్తు) ఇస్తుంది. సమ్ విషయంలో ఇది ఇంకా ప్రమాదం: సమ్(1, 2, ఎన్‌ఏ.ఆర్‌ఎన్ = ట్రూ) అని రాస్తే ఆ 'ట్రూ' కూడా 1గా లెక్కలో చేరి జవాబు 4 వస్తుంది. లీనియర్ మోడల్‌పై 'ప్రెడిక్ట్' వాడుతూ 'న్యూడేటా' అనడానికి మధ్యలో కింది గీత పెట్టి రాస్తే, మీరిచ్చిన కొత్త డేటాను పక్కనపెట్టి పాత డేటాకే అంచనాలు ఇస్తుంది. వచ్చిన అంచనాల సంఖ్య కొత్త డేటాలోని వరుసల సంఖ్యకు సమానంగా ఉందో లేదో చూసుకోవడం ఈ పొరపాటును పట్టుకునే సులువైన దారి.

## డేటాను లోపలికి తెచ్చుకునేటప్పుడు

రీడ్.టేబుల్, రీడ్.సీఎస్‌వీ ఒకే హెల్ప్ పేజీలో ఉన్నాయి. ఒకే ఫైల్‌కు వేర్వేరు వరుసల సంఖ్య ఎందుకు వస్తోంది?

పేజీ ఒకటే అయినా డిఫాల్ట్‌లు వేరు. మొదటి వరుసను కాలమ్ పేర్లుగా రీడ్.సీఎస్‌వీ తీసుకుంటుంది, రీడ్.టేబుల్ సాధారణంగా చెప్పనిదే తీసుకోదు. రీడ్.టేబుల్ ఒంటి కొటేషన్ గుర్తును కూడా కొటేషన్‌గానే చూస్తుంది. ఒక పేరులో అపాస్ట్రఫీ ఉంటే అక్కడి నుంచి తర్వాతి అపాస్ట్రఫీ దాకా ఉన్న వరుసలన్నీ ఒకే గడిలో ఇరుక్కుంటాయి. మన చిరునామాల్లో మరో చిక్కుంది. ఇంటి నంబరు ముందు హ్యాష్ గుర్తు పెట్టి రాయడం మనవాళ్లకు అలవాటు. రీడ్.టేబుల్ ఆ గుర్తు నుంచి వరుస చివరిదాకా ఉన్నదంతా వ్యాఖ్య అనుకుని వదిలేస్తుంది, రీడ్.సీఎస్‌వీ వదలదు. ఫైల్ చదివిన వెంటనే వరుసల సంఖ్యను అసలు ఫైల్‌తో పోల్చడం అలవాటు చేసుకోండి.

లింగం కాలమ్‌లో అన్నీ 'ఎఫ్' అని ఉన్నాయి. ఆర్ వాటిని 'ఫాల్స్' అని ఎందుకు చూపిస్తోంది?

కాలమ్‌లో టీ, ఎఫ్ అక్షరాలు తప్ప మరేమీ లేకపోతే రీడ్.సీఎస్‌వీ వాటిని నిజం, అబద్ధం అనే తార్కిక విలువలుగా మారుస్తుంది. స్త్రీల ఆరోగ్యంపై జరిగిన ఒక సర్వే ఫైల్‌లో ఇది నాకే ఎదురైంది. స్త్రీ పురుషులు కలిసిన ఫైల్‌లో 'ఎమ్' కూడా ఉంటుంది కాబట్టి ఈ ఇబ్బంది రాదు, స్త్రీల ఫైల్‌ను విడిగా చదివిన రోజున కాలమ్ రకమే మారిపోయింది, రెండు ఫైళ్లను కలిపితే లెక్క కుదరలేదు. 00123 వంటి గుర్తింపు సంఖ్యలు ముందున్న సున్నాలు పోగొట్టుకుని 123 కావడం, నమీబియాకు వాడే ఎన్‌ఏ అన్న దేశ సంకేతం లోపించిన విలువగా మారడం కూడా ఇలాంటివే. కాలమ్‌ల రకాన్ని ఫంక్షన్ ఊహకు వదలకుండా 'కోల్‌క్లాసెస్' ఆర్గ్యుమెంట్‌తో మీరే చెప్పండి. ఎన్‌ఏ సంకేతం కోసం 'ఎన్‌ఏ.స్ట్రింగ్స్'ను కూడా మార్చాలి.

తెలుగు పేర్లున్న ఫైల్ ఒక కంప్యూటర్‌లో బాగుంది, మరోదాంట్లో అక్షరాలు చెదిరిపోయాయి. ఎందుకు?

విండోస్‌లో ఆర్ 4.2.0 వర్షన్ నుంచే యూటీఎఫ్-8ను తన సొంత ఎన్‌కోడింగ్‌గా వాడుతోంది. అంతకుముందు వర్షన్లలో తెలుగు అక్షరాలకు బదులు కోణాకార బ్రాకెట్లలో వాటి యూనికోడ్ సంఖ్యలు కనిపించేవి. ఎక్సెల్ నుంచి సేవ్ చేసిన ఫైల్‌లో మొదటి కాలమ్ పేరు ముందు వింత అక్షరాలు అతుక్కుంటే ఫైల్ ఎన్‌కోడింగ్‌ను 'యూటీఎఫ్-8-బీఓఎమ్' అని చెప్పి చదవండి.

అక్షరాల లెక్క విషయంలోనూ జాగ్రత్త అవసరం. 'తెలుగు' అన్న మాటకు అక్షరాలు లెక్కించే 'ఎన్‌క్యార్' 6 అని జవాబిస్తుంది, బైట్లు అడిగితే 18 అంటుంది. మనం చూసే అక్షరాలు మూడే. హల్లునూ గుణింతపు గుర్తునూ విడివిడిగా లెక్కించడం వల్ల ఇలా అవుతుంది. 'సబ్‌స్ట్రింగ్'తో మొదటి అక్షరం కోస్తే 'తె' రాదు, 'త' వస్తుంది. మనం చూసే అక్షరాల లెక్కే కావాలంటే 'స్ట్రింగై' ప్యాకేజీలో అక్షర సరిహద్దులను లెక్కించే ఫంక్షన్ వాడాలి.

ఫ్యాక్టర్‌గా ఉన్న సంఖ్యలను యాజ్.న్యూమరిక్‌తో మారిస్తే 1, 2, 3 వస్తున్నాయి. నా అసలు విలువలు ఏమయ్యాయి?

విలువలు పోలేదు. ఫ్యాక్టర్ అంటే విలువలను వర్గాలుగా దాచుకునే రకం, దాని లోపల ఉండేవి వరుస సంకేతాలు, యాజ్.న్యూమరిక్ వాటినే చూపింది. ముందు యాజ్.క్యారెక్టర్‌తో పాఠ్యంగా మార్చి, తర్వాత సంఖ్యగా మార్చండి.

## సారాంశ గణాంకాలు తీసేటప్పుడు

ఎన్‌ఏ విలువలను ఒక్కో ఫంక్షన్ ఒక్కోలా చూస్తోంది. దీనికి ఒక నియమం లేదా?

అన్నింటికీ వర్తించే నియమం లేదు. ఈ భాషలో నన్ను అన్నింటికంటే ఎక్కువగా బాధించే అసంగతత్వం ఇదే. డేటాలో ఒక్క ఎన్‌ఏ ఉన్నా మీన్, సమ్ ఎన్‌ఏ ఇస్తాయి. 'క్వాంటైల్' ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. 'టేబుల్' వాటిని చెప్పకుండా లెక్కలోంచి వదిలేస్తుంది. 'సార్ట్' వాటిని తీసేసి చిన్న వెక్టర్ ఇస్తుంది, దాని తోబుట్టువు 'ఆర్డర్' మాత్రం చివరన ఉంచుతుంది. సహసంబంధం లెక్కించే 'కోర్' ఫంక్షన్‌కు ఎన్‌ఏ.ఆర్‌ఎమ్ అన్న ఆర్గ్యుమెంటే లేదు, అక్కడ 'యూజ్' అన్న వేరే ఆర్గ్యుమెంట్ ఉంది. లీనియర్ మోడల్ కట్టే 'ఎల్‌ఎమ్' ఎన్‌ఏ ఉన్న వరుసలను తొలగించి మోడల్ కడుతుంది, ఎన్ని తొలగించిందో 'సమ్మరీ' చివర ఒక్క పంక్తిలో చెబుతుంది.

'అగ్రిగేట్' అయితే ఒకే పేరు కింద రెండు నియమాలు పాటిస్తుంది. ఫార్ములాతో పిలిస్తే, రెండు కొలతలు కలిపి అడిగినప్పుడు ఒకదానిలో ఎన్‌ఏ ఉన్న వరుసను రెండో కొలతకు కూడా తీసేస్తుంది. ఫార్ములా లేకుండా పిలిస్తే తీసేయదు. విశ్లేషణ మొదలుపెట్టేముందే ప్రతి కాలమ్‌లో ఎన్ని ఎన్‌ఏలు ఉన్నాయో లెక్కించి రాసిపెట్టుకుని, ప్రతి పట్టిక కింద ఎన్ని విలువలతో లెక్క చేశారో చూపించండి.

ఒక్క రోజు వర్షపాతం కూడా నమోదు కాని నెలకు మొత్తం 0 అని వచ్చింది. ఇది సరైనదేనా?

గణితపరంగా సరైనదే, అర్థపరంగా తప్పు. లోపించిన విలువలను తీసేయమన్నాక మిగిలింది ఖాళీ వెక్టర్, ఖాళీ మొత్తం 0. అదే నెలకు మీన్ అడిగితే 'సంఖ్య కాదు' అనే ఎన్‌ఏఎన్ వస్తుంది, మ్యాక్స్ అడిగితే హెచ్చరికతో రుణాత్మక అనంతం వస్తుంది. మూడింటిలో సమ్ ఒక్కటే చూడడానికి మామూలుగా ఉండే సంఖ్యను ఇస్తుంది, అందుకే అది అపాయకరం. వర్షమాపకం పనిచేయని మండలం కరువు మండలంగా పట్టికలోకి ఎక్కుతుంది. ముందుగా నమోదైన రోజుల సంఖ్యను లెక్కించి, అది సున్నా అయితే మొత్తాన్ని ఎన్‌ఏగా ఉంచే షరతును మీరే రాయాలి.

రౌండ్(32.5) అంటే 32 వస్తోంది, రౌండ్(33.5) అంటే 34 వస్తోంది. విద్యార్థులకు మార్కులు ఎలా వేయాలి?

సరిగ్గా సగం దగ్గర ఉన్న సంఖ్యను సమీపంలోని సరిసంఖ్యకు తీసుకెళ్లడం ఆర్ పాటించే పద్ధతి. పైథాన్ 3 కూడా ఇదే చేస్తుంది. ఎక్సెల్‌లో 32.5ను రౌండ్ చేస్తే 33 వస్తుంది, బడిలో మనం నేర్చుకున్నదీ అదే. ఎప్పుడూ పైకే తీసుకెళ్లడం వల్ల మొత్తాలు పెరిగిపోకుండా ఈ పద్ధతి కాపాడుతుంది కాబట్టి దీన్ని తప్పనలేం. కానీ ఉత్తీర్ణతకు 33 కావలసిన చోట 32.5 వచ్చిన విద్యార్థికి ఇది చిన్న విషయం కాదు. మీ సంస్థ నియమం సగాన్ని పైకి తీసుకెళ్లమంటే, మార్కుకు 0.5 కలిపి 'ఫ్లోర్' తీసుకోండి.

దశాంశ స్థానాలకు రౌండ్ చేసినప్పుడు మరో మెలిక ఉంది. 0.15 వంటి సంఖ్య కంప్యూటర్‌లో ఖచ్చితంగా ఇమడదు, కనుక ఒక స్థానానికి రౌండ్ చేస్తే 0.1 గానీ 0.2 గానీ రావచ్చని హెల్ప్ పేజీయే ఒప్పుకుంటుంది. ఆ లెక్క పద్ధతిని 4.0.0 వర్షన్‌లో మార్చారు కూడా.

1, 2, 3, 4 అన్న చిన్న డేటాకు మొదటి చతుర్థకం ఎంత? ఒక్కో సాఫ్ట్‌వేర్ ఒక్కోటి చెబుతోంది.

అన్నీ తమ నిర్వచనం ప్రకారం సరిగానే చెబుతున్నాయి. చతుర్థకానికి ఒకటే నిర్వచనం లేదు. హైండ్‌మన్, ఫ్యాన్ 1996లో ఇలాంటి తొమ్మిది నిర్వచనాలను క్రోడీకరించారు, ఆర్‌లోని క్వాంటైల్ ఫంక్షన్ 'టైప్' ఆర్గ్యుమెంట్ ద్వారా తొమ్మిదింటినీ ఇస్తుంది. డిఫాల్ట్ అయిన టైప్ 7తో జవాబు 1.75. ఎస్‌పీఎస్ఎస్, మినీట్యాబ్ అనే గణాంక సాఫ్ట్‌వేర్లు వాడే టైప్ 6తో 1.25. శాస్ అనే మరో సాఫ్ట్‌వేర్ డిఫాల్ట్‌కు సమానమైన టైప్ 2తో 1.5. విచిత్రంగా ఆర్‌లోనే 'సమ్మరీ' 1.75 చెబుతుంటే, 'ఫైవ్‌నమ్' 1.5 చెబుతుంది, 'బాక్స్‌ప్లాట్' పెట్టె గీతలు ఫైవ్‌నమ్ విలువల దగ్గరే పడతాయి. ఒకే వ్యాసంలో పట్టికను సమ్మరీతో, బొమ్మను బాక్స్‌ప్లాట్‌తో తయారుచేస్తే రెండింటికీ పొంతన కుదరకపోవచ్చు. డేటా పెద్దదైతే తేడా కనుమరుగవుతుంది. పది, పదిహేను రోగుల అధ్యయనాల్లో మాత్రం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. వ్యాసంలో ఏ టైప్ వాడారో ఒక్క మాటలో రాయండి.

ప్రామాణిక విచలనం ఆర్‌లో 2.138, నమ్‌పైలో 2 వచ్చింది. ఏది నమ్మాలి?

2, 4, 4, 4, 5, 5, 7, 9 అన్న డేటాను చూడండి. సగటు నుంచి తేడాల వర్గాల మొత్తం 32. దాన్ని 7తో భాగించి వర్గమూలం తీస్తే ఆర్ జవాబు, 8తో భాగించి వర్గమూలం తీస్తే పైథాన్ ప్యాకేజీ నమ్‌పై జవాబు వస్తాయి. మీ డేటా నమూనా అయితే ఆర్ జవాబే మీకు కావలసింది. పైథాన్‌లోనే ఉన్న మరో ప్యాకేజీ పాండాస్ కూడా 7తోనే భాగిస్తుంది.

## కోడ్ రాసేటప్పుడు

ఎస్ అప్లై నిన్న మ్యాట్రిక్స్ ఇచ్చింది, ఈరోజు లిస్ట్ ఇస్తోంది. కోడ్ మార్చలేదు. ఏమైంది?

డేటా మారి ఉంటుంది. ఎస్ అప్లై ఫలితాన్ని చూసి దాని ఆకారాన్ని నిర్ణయిస్తుంది. ప్రతి మండలంలో సాగయ్యే వరి రకాల పేర్లు అడిగారనుకోండి. అన్ని మండలాల్లోనూ సరిగ్గా మూడేసి రకాలుంటే మ్యాట్రిక్స్ వస్తుంది, ఒక్కో రకమే ఉంటే వెక్టర్ వస్తుంది, ఒక మండలంలో నాలుగో రకం చేరిన రోజు లిస్ట్ వస్తుంది. డేటా ఖాళీ అయితే ఖాళీ లిస్ట్ వస్తుంది. హెల్ప్ పేజీ దీన్ని దాచలేదు, కానీ కోడ్ రాసేవారు తమ దగ్గరున్న డేటాతో ఒక్కసారి నడిపి చూసి అదే శాశ్వతం అనుకుంటారు. మళ్లీ మళ్లీ నడిచే కోడ్‌లో 'వీ అప్లై' వాడండి. ప్రతి ఫలితం ఏ రకంగా, ఎంత పొడవుగా ఉండాలో దానికి ముందే చెప్పాలి, తేడా వస్తే ఎర్రర్ ఇచ్చి ఆగుతుంది.

డేటా ఫ్రేమ్‌లోంచి ఒక్క కాలమ్ తీసుకుంటే అది డేటా ఫ్రేమ్ ఎందుకు కాదు?

కామా పెట్టి ఒక కాలమ్ ఎంచుకుంటే ఆర్ దాన్ని వెక్టర్‌గా కుదిస్తుంది. 'డ్రాప్ = ఫాల్స్' అని చేరిస్తే డేటా ఫ్రేమ్‌గానే ఉంటుంది. డేటా ఫ్రేమ్‌కు కొత్త రూపమైన టిబ్బుల్ అయితే చెప్పకపోయినా కుదించదు.

ప్రతి ఊరి నుంచి అర్హత ఉన్న ఒక ఇంటిని యాదృచ్ఛికంగా ఎంచుకుంటున్నాను. జాబితాలో లేని ఇల్లు ఎలా వచ్చింది?

ఏదో ఒక ఊర్లో అర్హత ఉన్న ఇల్లు ఒక్కటే ఉండి ఉంటుంది. దాని నంబరు 47 అనుకోండి. 'శాంపుల్'కు 47 అన్న ఒక్క సంఖ్యే అందింది. అలాంటప్పుడు అది 1 నుంచి 47 వరకు ఉన్న సంఖ్యల్లోంచి ఒకటి తీస్తుంది. మీ సర్వే సిబ్బంది అర్హత లేని 12వ ఇంటి తలుపు తడతారు. ఈ సంగతి హెల్ప్ పేజీలో స్పష్టంగా ఉంది, తప్పించుకునే మార్గం ఉదాహరణల్లో కూడా ఉంది. రాసి ఉన్నంత మాత్రాన ఇది మంచి రూపకల్పన అయిపోదని నా అభిప్రాయం. రెండు ఇళ్లుంటే ఒక అర్థం, ఒక ఇల్లుంటే మరో అర్థం ఉండే ఫంక్షన్ ఎవరినైనా పడగొడుతుంది. ఇళ్ల జాబితాలోంచి నేరుగా కాకుండా, జాబితా పొడవును 'శాంపుల్.ఇంట్'కు ఇచ్చి స్థానాన్ని ఎంచుకుని, ఆ స్థానంలో ఉన్న ఇంటిని తీసుకోండి.

ఇఫ్‌ఎల్స్ వాడితే తేదీ 19950గా మారిపోయింది. ఇదేం సంఖ్య?

అది 2024 ఆగస్టు 15. ఆర్ తేదీని 1970 జనవరి 1 నుంచి గడిచిన రోజుల సంఖ్యగా దాచుకుంటుంది. 'ఇఫ్‌ఎల్స్' ఫలితానికి ఆకారం షరతు నుంచి తీసుకుంటుంది తప్ప విలువల నుంచి కాదు, అందుకే తేదీ అన్న గుర్తింపు ఊడిపోయి లోపలి సంఖ్య బయటపడింది. యాజ్.డేట్‌తో తిరిగి మార్చవచ్చు. డీప్లయర్ ప్యాకేజీలోని 'ఇఫ్_ఎల్స్' అయితే తేదీని తేదీగానే ఉంచుతుంది.

రెండు విలువలు సమానమో కాదో చూడడానికి ఆల్.ఈక్వల్ వాడితే ఇఫ్ దగ్గర ఎర్రర్ వస్తోంది. ఎందుకు?

విలువలు సమానం కాకపోతే ఆల్.ఈక్వల్ 'ఫాల్స్' ఇవ్వదు, తేడా ఎంతో చెప్పే వాక్యం ఇస్తుంది. దాన్ని 'ఈజ్‌ట్రూ' లోపల పెట్టి వాడండి.

## పరీక్షలు, మోడళ్ల దగ్గర

ఒకే డేటాకు టీ.టెస్ట్, ఎల్‌ఎమ్ వేర్వేరు పీ-విలువలు ఇస్తున్నాయి. రెండూ రెండు సగటులనే కదా పోల్చేది?

పోల్చేది అవే, ఊహలు వేరు. టీ.టెస్ట్ డిఫాల్ట్‌గా వెల్ష్ పద్ధతిని వాడుతుంది, అంటే రెండు సమూహాల వేరియన్స్ సమానమని అనుకోదు. స్వేచ్ఛాంకాలు (డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్) దశాంశాల్లో కనిపించడం దీని గుర్తు. ఎల్‌ఎమ్, ఏఓవీ వేరియన్స్ సమానమనే అనుకుంటాయి. 'వార్.ఈక్వల్ = ట్రూ' అని ఇస్తే టీ.టెస్ట్ ఫలితం ఎల్‌ఎమ్‌తో కలుస్తుంది. ఎస్‌పీఎస్ఎస్ రెండు ఫలితాలనూ రెండు పంక్తుల్లో చూపిస్తుంది కాబట్టి పోల్చేటప్పుడు సరైన పంక్తిని ఎంచుకోవాలి. 2×2 పట్టికకు 'కై స్క్వేర్ టెస్ట్' చేసినప్పుడు కూడా ఆర్ అడగకుండానే యేట్స్ సవరణ చేస్తుంది, చేతితో వేసిన లెక్కతో కుదరకపోవడానికి కారణం సాధారణంగా అదే.

అనోవాలో చలరాశుల వరుస మారిస్తే పీ-విలువ మారుతోంది. పొలం ప్రయోగానికి ఏది రాయాలి?

ఆర్‌లోని 'అనోవా' ఫంక్షన్ వర్గాల మొత్తాలను వరుస క్రమంలో లెక్కిస్తుంది, దీన్ని టైప్ 1 అంటారు. ముందు రాసిన చలరాశికి ముందు వాటా దక్కుతుంది, తర్వాతి దానికి మిగిలినది దక్కుతుంది. ప్రతి బ్లాక్‌లో ప్రతి రకమూ ఒక్కో మడిలో ఉండే సమతుల ప్రయోగంలో వరుస మారినా ఫలితం మారదు. ఒక్క మడి పశువులు మేసి పోయినా సమతుల్యత చెడి, బ్లాక్ ముందు రాశారా రకం ముందు రాశారా అన్నది లెక్కలోకి వస్తుంది. ఎస్‌పీఎస్ఎస్ డిఫాల్ట్ టైప్ 3. 'కార్' ప్యాకేజీలో పెద్ద అక్షరంతో మొదలయ్యే 'అనోవా'కు డిఫాల్ట్ టైప్ 2. ఒక్క అక్షరం పెద్దదా చిన్నదా అన్నదాన్ని బట్టి పద్ధతే మారడం దురదృష్టకరం. పొలం ప్రయోగాల్లో బ్లాక్‌ను ముందు, రకాన్ని తర్వాత రాయడం అర్థవంతం, ఎందుకంటే బ్లాక్ తేడాలు తీసేశాక రకాల తేడా ఎంతో మనకు కావాలి. టైప్ 3 కావాలంటే ఆర్ డిఫాల్ట్ కాంట్రాస్ట్‌లను మార్చి 'సమ్' కాంట్రాస్ట్‌లు పెట్టుకోవాలి, లేకపోతే పరస్పర ప్రభావం ఉన్న మోడల్‌లో వచ్చే సంఖ్యలకు సరైన అర్థం ఉండదు.

లాజిస్టిక్ మోడల్‌పై ప్రెడిక్ట్ చేస్తే సంభావ్యత -1.2 వచ్చింది. సంభావ్యత రుణాత్మకం ఎలా అవుతుంది?

అది సంభావ్యత కాదు, లాగ్ ఆడ్స్, అంటే జరిగే, జరగని అవకాశాల నిష్పత్తికి లాగరిథమ్. జీఎల్‌ఎమ్ మోడళ్లకు ప్రెడిక్ట్ డిఫాల్ట్ 'లింక్' కొలమానం. 'టైప్ = రెస్పాన్స్' అని అడిగితే -1.2కు బదులు 0.23 వస్తుంది. ప్రెడిక్ట్ అన్నది ఒక పేరు మాత్రమే, మోడల్ రకాన్ని బట్టి లోపల వేరే ఫంక్షన్ నడుస్తుంది, ఒక్కోదానికి ఒక్కో హెల్ప్ పేజీ ఉంది. కాబట్టి ప్రెడిక్ట్ పేజీ కాకుండా 'ప్రెడిక్ట్.జీఎల్‌ఎమ్' పేజీని తెరవండి.

గత నెల ధరతో ఈ నెల ధరను అంచనా వేస్తే మోడల్ నూటికి నూరు సరిపోయింది. నమ్మవచ్చా?

నమ్మకండి. ఆర్‌తో వచ్చే 'ల్యాగ్' ఫంక్షన్ విలువలను జరపదు, వాటికి తగిలించిన కాలసూచికను మాత్రమే జరుపుతుంది. ఎల్‌ఎమ్ ఆ సూచికను చూడదు, అందుకే ధరను అదే ధరతో పోల్చినట్టయింది. డీప్లయర్ ప్యాకేజీ లోడ్ చేస్తే అదే పేరున్న మరో ల్యాగ్ ముందుకొస్తుంది, అది విలువలనే జరుపుతుంది. అంటే ఒకే పంక్తి, ప్యాకేజీ లోడ్ అయిందా లేదా అన్నదాన్ని బట్టి రెండు ఫలితాలిస్తుంది. 'ఫిల్టర్' పేరుతోనూ ఇదే గొడవ ఉంది. ప్యాకేజీ పేరు, రెండు కోలన్ గుర్తులు, తర్వాత ఫంక్షన్ పేరు రాస్తే ఏది నడుస్తుందో సందేహం ఉండదు.

## వర్షన్ మారినప్పుడు, లోపం కనిపించినప్పుడు

సెట్.సీడ్ అదే ఇచ్చాను, గైడ్ గారి కంప్యూటర్‌లో వేరే నమూనా వచ్చింది. ఎందుకు?

ఇద్దరిలో ఒకరు 3.6.0 కంటే పాత వర్షన్ వాడుతున్నారేమో చూడండి. 2019 ఏప్రిల్‌లో వచ్చిన ఆ వర్షన్‌లో శాంపుల్ పనిచేసే పద్ధతిని మార్చారు. పెద్ద జనాభాల నుంచి ఎంచుకునేటప్పుడు పాత పద్ధతి అన్నింటికీ సమాన అవకాశం ఇవ్వడం లేదన్నది కారణం, అది మంచి మార్పే. పాత ఫలితం మళ్లీ రాబట్టాలంటే 'ఆర్‌ఎన్‌జీకైండ్'లో నమూనా పద్ధతిని 'రౌండింగ్' అని పెట్టాలి. సీడ్‌తో (యాదృచ్ఛిక ఎంపిక ఎక్కడ మొదలవ్వాలో చెప్పే సంఖ్యతో) పాటు ఆర్ వర్షన్ కూడా థీసిస్‌లో రాయడం అవసరం.

సీనియర్ రాసిన కోడ్ కొత్త వర్షన్‌లో నడవడం లేదు. ఎక్కడ వెతకాలి?

నాలుగు మార్పులను ముందు చూడండి. 2020 ఏప్రిల్‌లో వచ్చిన 4.0.0 నుంచి డేటా చదివినప్పుడు పాఠ్యం తనంతట తాను ఫ్యాక్టర్ కావడం ఆగిపోయింది. 4.1.0 నుంచి రెండు ఫ్యాక్టర్లను 'సీ'తో కలిపితే సంకేత సంఖ్యలకు బదులు ఫ్యాక్టరే వస్తుంది. 4.2.0 నుంచి ఇఫ్ షరతులో ఒకటి కంటే ఎక్కువ విలువలుంటే ఎర్రర్ వస్తుంది, 4.3.0 నుంచి రెండు యాంపర్‌సాండ్‌ల గుర్తుకూ అదే నియమం. చివరి రెండూ పాత కోడ్‌లో దాగిన తప్పులను బయటపెట్టేవి, కాబట్టి ఎర్రర్‌ను కప్పిపుచ్చకుండా ఆ షరతు అసలు ఏం అడగాలనుకుందో సీనియర్‌తో మాట్లాడి తేల్చుకోండి.

హెల్ప్ పేజీలో ఉన్నది నిజంగానే తప్పని తేలింది. ఎవరికి, ఎలా చెప్పాలి?

ముందు ఏ ప్యాకేజీలూ, పాత వర్క్‌స్పేస్ లోడ్ కాని ఖాళీ సెషన్‌లో మళ్లీ నడిపి చూడండి. అప్పటికీ తేడా ఉంటే ఐదారు విలువలున్న చిన్న డేటాతో, ఎవరైనా అతికించి నడపగలిగే నాలుగైదు పంక్తుల ఉదాహరణ తయారుచేయండి. హెల్ప్ పేజీలోని ఏ వాక్యం ఏం చెబుతోందో, మీకు ఏం వచ్చిందో, 'సెషన్‌ఇన్ఫో' ఏం చూపిందో దాని కింద రాయండి. ఫంక్షన్ అదనపు ప్యాకేజీలోదైతే 'మెయింటైనర్' ఫంక్షన్ దాని నిర్వాహకుల చిరునామా చూపిస్తుంది. ఆర్‌తో పాటే వచ్చేదైతే లోపాలను నమోదు చేసే ఆర్ ప్రాజెక్ట్ బగ్‌జిల్లా సైట్‌లో నమోదు చేయాలి. ఆంగ్లం అంతగా రాదని వెనకాడకండి, సరైన ఉదాహరణ ఉంటే రెండు చిన్న వాక్యాలు చాలు. ఒక వాక్యం సవరణ కోసం పంపే నివేదిక అయితే, ఆ వాక్యం ఎలా ఉండాలో మీరే రాసి పంపండి.